రత్తమ్మ గేదె, మహిమ మోచేతులు

ఎనిమిది గంటల బస్సెక్కి నందిగామ వెళ్లాలి, తొమ్మిదిన్నరకు జిల్లా జట్టు ఎంపికలో బరువెత్తాలి. ఆ ఉదయానికి మహిమ వేసుకున్న పథకం ఇంతే. జూనియర్లలో పోటీ చేసే వయసు ఆమెకు ఈ ఏడాదితో సరి. కిందటేడు బరువు తల మీదికైతే వెళ్లింది గానీ, మోచేతులు వంగే ఉన్నాయి, చెల్లదని రెఫరీలు ఎర్రదీపాలు వెలిగించి పంపేశారు. బలానికి లోటు లేదు, జబ్బలే బిరుసు. చెవుల దాకా వచ్చిన చేతులు ఇంకాస్త వెనక్కి వెళ్లమంటే మొండికేసేవి.

అందుకే కోచ్ కిషోర్‌బాబు ఒక కసరత్తు చెప్పాడు. గోడకు వీపు ఆనించి, చేతులు నిటారుగా ఎత్తి, మోచేతులు గోడను తాకేలా నిలబడాలి. "పోటీ రోజు మాత్రం రెండే నిమిషాలు. ఎక్కువ చేశావా, జబ్బలు చచ్చుబడిపోతాయ్" అని హెచ్చరించాడు కూడా.

జగ్గయ్యపేటలో తమ ఇంటి పెరటి గోడకు ఆనుకుని ఏడుంపావుకు మహిమ చేతులెత్తింది. కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతూ అంకెలు లెక్కపెట్టుకుంటోంది. ప్రహరీకి అవతల పాకలో పక్కింటి రత్తమ్మ, ఆమె భర్త శాంతయ్య తమ గేదె దగ్గర కూర్చున్నారు. అది తెల్లవారినప్పటి నుంచి ఈనలేక అవస్థ పడుతోంది. పశువుల డాక్టరు వస్తున్నా, వస్తున్నా అంటున్నాడే తప్ప రావడం లేదు.

లెక్క నూట ఇరవై కాగానే మహిమ చేతులు దించింది.

"దించమాక తల్లీ, దించమాక!" రత్తమ్మ ప్రహరీ మీంచి కేకేసింది. "నువ్వు చేతులెత్తి ప్రార్థన చేస్తుంటే దూడ కాళ్లు బైటికొచ్చినయ్. దించావు, లోపలికి పోయినయ్!"

"అమ్మమ్మా, ఇది ప్రార్థన కాదు, ఎక్సర్‌సైజు..."

"మొన్న ఆదివారం పాస్టరుగారు చెప్పలా? కొండమీద ఆ దైవజనుడు చేతులెత్తినంతసేపూ కింద యుద్ధంలో మనోళ్లు గెలిచారు, దించితే ఓడారు!"

పాస్టరుగారు చెప్పింది నిజమే. ముందు వరసలో కూర్చుని ఆమెన్ అన్నది మహిమే. అంతలో గేదె మూలిగింది. ఆ మూలుగు విన్నాక చేతులు దించి కూర్చోవడానికి మహిమకు మనసొప్పలేదు. మళ్లీ ఎత్తింది. దూడ కాళ్లు మళ్లీ కనిపించాయి. ఇంకేముంది, రత్తమ్మ నమ్మకం రాయిలా గట్టిపడింది.

పది నిమిషాలకు మహిమ చేతులు వణకసాగాయి. ఇవాళ బరువుల బార్ పట్టుకోవడం కూడా చేతకాదనుకుంది. "అమ్మా, బస్సుకి టైమైపోతుందే!" అని అరిచింది. తల్లి రత్నమణి టిఫిన్ డబ్బాతో పరుగెత్తుకొచ్చి, గేదె వంక చూసింది.

"అయ్యో, నోరులేని జీవం! రత్తమ్మ పిన్నీ, నువ్వా చెయ్యి పట్టుకో, నేనీ చెయ్యి పడతా. ఆ దైవజనుడి చేతులు కూడా చెరోపక్కా పట్టుకున్నారుగా!"

మహిమ పని పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది. గేదెను భర్తకు అప్పగించి రత్తమ్మ వచ్చేసింది. నాట్లేసి కోతలు కోసిన చేతులవి. ఇద్దరూ కలిసి ఆమె మోచేతుల్ని గోడకేసి అదిమారు. పాకలోంచి శాంతయ్య "తల కనపడతంది!" అన్నప్పుడల్లా ఇంకాస్త అదిమారు. జబ్బల్లో ఏదో టప్పుమంది. మహిమ లబోదిబోమంది. రత్తమ్మ స్తోత్రం చెప్పింది. బస్సు వేళ దాటిపోయింది.

ఎనిమిదీ పదికి పెయ్యదూడ పుట్టింది. అప్పుడు తాపీగా దిగిన డాక్టరు చేసిన ఉపకారం ఒకటే, తన కారులో తల్లీకూతుళ్లను నందిగామలో దింపడం.

మొదటి ప్రయత్నంలో బార్ మోకాళ్లు దాటలేదు. రెండోసారి నడుము దగ్గరే జారింది. కిషోర్‌బాబుకు అనుమానం వచ్చింది.

"పొద్దున ఎంతసేపు చేశావ్?"

"దాదాపు గంట సార్."

ఆయన తల పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. మిగిలింది ఒక్క ప్రయత్నం. మహిమ కళ్లనీళ్లు తుడుచుకుని, ఊపిరి బిగబట్టి లాగింది. బార్ తల మీదికి వెళ్లింది. చేతులు చెవులు దాటి, ఇన్నేళ్లలో ఎన్నడూ పోని చోటికి పోయి, తాళం వేసినట్టు ఆగిపోయాయి. మోచేతుల్లో వంపన్నది లేదు.

రెఫరీ దించమని సైగ చేశాడు. మహిమ దించలేదు.

"దించమ్మా!"

"దించితే ఏం కాదు కదండీ?" అంది మహిమ.

దించింది. మూడు తెల్లదీపాలూ వెలిగాయి. సంతోషం పట్టలేక మహిమ అక్కడే కూర్చుని భోరున ఏడ్చేసింది. రత్నమణి జరిగిందంతా పూసగుచ్చినట్టు కిషోర్‌బాబుకు చెప్పింది. ఆయన చివరిదాకా శ్రద్ధగా విని, జట్టు కాగితంలో 'శిక్షణ ఇచ్చినవారు' అన్న గడిలో తన పేరు రాసుకున్నాడు.