దాలయ్య చెప్పిన బేరింగు

ఆదివారం ఉదయం ఏడింటికి బయలుదేరాలి, పదింటికి శ్రీముఖలింగం గుడిలో మనవరాలికి అన్నప్రాశన చేయించాలి, మధ్యాహ్నానికి ఇల్లు చేరాలి. దాలయ్య అనుకున్నది ఇంతే. వెళ్ళడానికి కారు కూడా ఉంది. అల్లుడు యుగంధర్ పది రోజుల కిందట పాతదొకటి కొన్నాడు.

భావనపాడు రేవులో బోటు ఇంజన్ మొరాయిస్తే మెకానిక్కి కన్నా ముందు దాలయ్యకి కబురు వెళుతుంది. తెడ్డు కొసని ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఒక్క మాట చెబుతాడు. ముప్పై ఏళ్ళలో ఆ మాట తప్పలేదు. భార్య పోయాక అతనికి మిగిలిన మర్యాద అదొక్కటే. తక్కినవి నోటితో పోగొట్టుకున్నాడు.

కారు వచ్చిన రోజున అల్లుడి తల్లి లక్ష్మణమ్మ దాని ముందు నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టింది. దాలయ్య వీధి వీధంతా చూస్తుండగా తెంపి పారేశాడు.

"బండి నడిసేది ఆయిలు తోటి సెల్లెమ్మా. పులుసు పెట్టడానికి ఇదేటి, సేపా?"

లక్ష్మణమ్మ ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోతే భయపడాలని దాలయ్యకి తెలియదు.

ఆదివారం అందరూ ఎక్కారు. యుగంధర్ యాక్సిలరేటర్ తొక్కాడు. ముందు నుంచి గలగలమని చప్పుడు. కాలు తీశాడు, ఆగిపోయింది. మళ్ళీ తొక్కాడు, మళ్ళీ గలగల.

"మావా, ఇన్నావా? నిన్న పొద్దున లేదీ సప్పుడు."

దాలయ్య తెడ్డు తెప్పించాడు. రేవుకి పోతున్న పదిమందీ ఆగారు. అతను కళ్ళు మూసుకుని విని, అలవాటు కొద్దీ ఒక్క మాట చెప్పేశాడు.

"బేరింగ్ పోనాది."

మాట నోరు దాటాక విషయం తట్టింది. నిన్న మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే, భార్య పెట్టెలోంచి గవ్వల దండ తీసి, ఎవరికీ కనబడకుండా ఇంజన్ అడుగున కట్టింది తనే. ఆవిడ బతికుండగా ఏటా బోటు ఇంజన్‌కి ఆ దండ కట్టేది. ఏటా అతను తెంపేవాడు. ఇప్పుడు పసిపిల్ల మొదటిసారి ఊరు దాటుతోంది. కట్టాడు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా ఇంజన్ వెనక్కి వాలి, గవ్వలు పక్కనున్న రేకుకి తగులుతున్నాయి.

"ఎల్లాజీకి ఫోన్ సేసీనాను. నౌపడ నుంచి వచ్చెత్తన్నాడు," అన్నాడు యుగంధర్.

"ఎందుకు? బండి మెల్లగా పోనీ!"

"బేరింగ్ పోనాదని నువ్వే అంటివి. పాపని ఎక్కించుకుని ఎలగెల్తాం?"

"శుభానికి ఎల్తా బానెట్ ఎత్తకూడదురా," అని లక్ష్మణమ్మ అడ్డం వచ్చింది. జీవితంలో మొదటిసారి వియ్యాలవారిద్దరూ ఒక మాట మీద ఉన్నారు. ఎందుకో ఎవరూ అడగలేదు.

మెకానిక్ ఎల్లాజీ వచ్చాడు. వినకుండానే స్పానర్లు పరిచాడు.

"మావ బేరింగన్నాడంటే బేరింగే. ఇంజన్ దింపాల."

"నువ్వొకసారి సూడరా."

"నీ సెవి కన్నా నా కళ్ళెక్కువేటి మావా?"

ఆయిలు తీశాడు, బ్యాటరీ తీశాడు, పేర్లు తెలియని డబ్బాలు రెండు తీసి అరుగు మీద పెట్టాడు. ఎనిమిది దాటింది. దాలయ్య ఎల్లాజీని టీకి పంపాడు, అల్లుణ్ణి వెంట పంపాడు, కూతురు కుసుమకుమారిని పాలు పట్టమని లోపలికి పంపాడు. లక్ష్మణమ్మ మాత్రం కదలలేదు. చివరికి దాహమంటే, చెంబు కోసం లేచింది. ఆ కాస్త సందులో ఇంజన్ అడుగుకి చెయ్యి పెట్టి, మోచెయ్యి గీరుకుని, దండ తెంపి పంచె రొంటిన దోపుకున్నాడు.

"బోల్టు లూజు. బిగించీసినాను. అన్నీ ఎక్కించీండి," అన్నాడు వాళ్ళు రాగానే.

ఎక్కించారు. యుగంధర్ తొక్కాడు.

ఠంగ్. ఠంగ్. ఠంగ్.

గలగల పోయింది. దాని వెనకాల అంతసేపూ కాచుకున్నట్టు ఇదొకటి బయటపడింది. దాలయ్య మొహం వెలిగింది. భార్య పోయిన ఈ రెండేళ్ళలో అంత సంతోషం అతను ఎరగడు. గవ్వలు అతని దగ్గరున్నాయి. కాబట్టి బేరింగ్ నిజంగానే పోయింది.

"సెప్పలేదేటి! ముప్పై ఏళ్ళ సెవిది! దింపరా ఇంజను!"

ఎల్లాజీ ఈసారి టార్చి పట్టుకుని కారు కిందికి దూరాడు. కాసేపటికి చెయ్యి బయటికి వచ్చింది. అందులో నల్లతాడుకి కట్టిన గుర్రపు నాడా ఉంది, సామాను తీసి ఎక్కించడంలో ముడి సడలింది.

అందరూ లక్ష్మణమ్మను చూశారు. ఆవిడ సముద్రం వైపు చూసింది.

"నిన్న సందేళ కట్టినాను," అంది. "పసిబిడ్డకి దిష్టి తగలదేటి?"

దాలయ్య ఇలాంటి అవకాశం కోసమే బతుకుతున్నాడు. అరుగు ఎక్కాడు.

"దిష్టి నేదు, గిష్టి నేదు! మూడు గంటలు మంట్లో కలిపీసినావు! ఇంజన్‌కి ఇనప ముక్క కడతారేటి, బుద్దున్నోల్లు? నా ఇంట్లో ఇలాటి..."

చెయ్యి పైకెత్తి ఊపాడు. ఆ ఊపుకి పంచె సడలింది. గవ్వలు గలగలమంటూ అరుగు మీంచి ఒక్కొక్క మెట్టే దిగి, కుసుమకుమారి కాళ్ళ దగ్గర ఆగాయి.

అదే గలగల. రేవు జనమంతా గుర్తుపట్టారు.

కుసుమకుమారి వంగి ఒక గవ్వ తీసింది. "ఇవి అమ్మవి కదేటి నాన్నా?"

దాలయ్య పంచె సర్దుకున్నాడు. అది చాలాసేపు సర్దుకోవలసిన పంచెలా కనిపించింది.

"అన్నయ్యా," అంది లక్ష్మణమ్మ మెత్తగా, "బేరింగ్ రాలిపోనాది."

అన్నప్రాశన పన్నెండింటికి జరిగింది. పూజారి విసుక్కున్నాడు, పిల్ల అన్నం ఉమ్మేసింది. దారి పొడుగునా కారులో చప్పుడు లేదు, మాటా లేదు. గవ్వల దండ మాత్రం కుసుమకుమారి మళ్ళీ గుచ్చి పాప మొలకి కట్టింది. తెంపమని ఎవరూ అనలేదు.

మర్నాడు రేవులో ఒకడి బోటు మొరాయించింది. దాలయ్య తెడ్డు పట్టుకుని వచ్చాడు.

"ముందు రొంటి దులిపి రా మావా," అన్నాడు బోటువాడు.

దాలయ్య చెవి మీద ఊరికి నమ్మకం పోలేదు, రొంటి మీదే పోయింది.