అడ్రస్‌తో సహా ప్రార్థించండి

బిజినెస్ స్కూల్లో గడిపే రెండేళ్ళను సంపూర్ణంగా వినియోగించుకోవడం ఎలాగో తెలుసుకోగోరే తెలుగు యువతీయువకుల ప్రయోజనార్థం ఈ నివేదిక సమర్పించడమైనది. సమర్పిస్తున్నది జయరాజు అనే నేను. 1981 ఆగస్టు నుంచి 1983 మే వరకు మిషిగన్ రాష్ట్రంలోని ఒక విశ్వవిద్యాలయంలో ఎంబీఏ చదివి, అక్కడ నేర్పినదంతా నేర్చుకుని, నేర్చుకున్నదంతా ఆచరణలో పెట్టినవాణ్ణి. విశ్వవిద్యాలయం పేరు చెప్పడం లేదు. పాపం, వాళ్ళు నాకేం అపకారం చేశారని?

మొదటి రోజు డీన్ గారు వేదిక మీద నుంచి ఇలా ఉద్ఘాటించారు: "పుస్తకాలు లైబ్రరీలో దొరుకుతాయి. మీరిక్కడికి వచ్చింది మనుషుల కోసం. మీ పక్కన కూర్చున్న మనిషే మీ ఆస్తి. లేవండి, చెయ్యి కలపండి!" నూట ఇరవై మందిమి లేచి కలిపాం. నా ఆస్తి పేరు స్టీవ్. అతనికీ ఉద్యోగం లేదు, అందుకే చదువుకు వచ్చాడు. ఆ సాయంత్రం ఉద్యోగాలు లేని నూట ఇరవై మంది ఒకరికొకరు విజిటింగ్ కార్డులు ఇచ్చుకున్నారు. నా కార్డు మీద పేరు కింద ఏం వేయించాలో తోచక "బి.కాం., గుంటూరు" అని వేయించాను.

చెయ్యి ఎంత గట్టిగా కలపాలో నేర్పడానికి ప్రత్యేకంగా ఒక తరగతి పెట్టారు. నేను ఒక చెయ్యి ఇచ్చి, రెండోది కూడా అవతలివాళ్ళ చేతి మీద వేసి, తల కొంచెం వాల్చేవాణ్ణి. మా ఊళ్ళో పాస్టరు అయ్యగారు చర్చి గుమ్మంలో అలాగే ఇచ్చేవారు. వాళ్ళింట్లో ఎవరో పోయిన కబురు తెచ్చానేమోనని చాలామంది కంగారుపడ్డారు.

ఇక మార్కుల్లో సగం క్లాసులో మాట్లాడినందుకట. నేను చదివిన కాలేజీలో క్లాసులో మాట్లాడితే బయట నిలబెట్టేవారు. మార్కెటింగ్ ప్రొఫెసరు నా పేరు పిలవగానే అలవాటు కొద్దీ చటుక్కున లేచి, చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆయన నా వంక జాలిగా చూసి, బాత్రూమ్ ఎడమవైపు చివర ఉందన్నారు. మర్యాదకి వెళ్ళొచ్చాను. ఆ విధంగా మొదటి సెమిస్టరులో నా భాగస్వామ్యం నమోదైంది.

అయినా నేను అధైర్యపడలేదు. రెండో ఏడు వచ్చేసరికి, పాఠంలోని సబ్బులమ్మే కంపెనీ ఎందుకు దివాలా తీసిందో ఇరవై నిమిషాలు అనర్గళంగా చెప్పగలిగే స్థితికి చేరుకున్నాను. అప్పటికి నిజం కంపెనీలు మా చుట్టూ నిజంగానే మూతబడుతున్నాయి. డెట్రాయిట్‌లో కార్ల ఫ్యాక్టరీలు మనుషుల్ని ఇళ్ళకు పంపుతున్న చలికాలమది. మా స్కూలుకు ఉద్యోగాలివ్వడానికి రావలసిన కంపెనీలు శుభాకాంక్షలు పంపి ఊరుకున్నాయి. నేను రాసిన అర్జీలన్నిటికీ "మీ అర్హతలు మమ్మల్ని ఎంతో ఆకట్టుకున్నాయి" అంటూ జవాబులొచ్చేవి. ఇంతమందిని ఆకట్టుకున్నవాడు మా క్లాసులో మరొకడు లేడు. కానీ మే నెలలోగా ఏదో ఒక కంపెనీ నేను కావాలని కాగితం మీద రాసివ్వకపోతే నా వీసాకు కాలం చెల్లిపోతుంది. నిద్రలో కూడా నాకు అదే భయం.

అప్పుడు నాకు డీన్ గారి బోధ తలకెక్కింది. మనుషులు! నాకు మనుషులు లేరా? ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంటులో పన్నెండు కుటుంబాల తెలుగు ప్రార్థన సహవాసం జరిగేది. నేను వెళ్ళేది ముఖ్యంగా పులిహోర కోసం. అది నిర్వహించేవారు సామ్యూల్ గారు. కార్ల ప్లాంటులో క్వాలిటీ ఇన్‌స్పెక్టరు. తలుపు సందులో వెంట్రుకంత తేడా ఉన్నా కారును వెనక్కి పంపే మనిషి, ప్రార్థనను మాత్రం ఊరికే వదులుతారా?

"స్పెసిఫిక్‌గా చెప్పాలి బ్రదర్," అనేవారు నోట్‌బుక్ తెరిచి. "'ఏదో ఒక జాబ్ రావాలి' అంటే పైన ఏ ఫైల్లో పెట్టుకుంటారు? కంపెనీ పేరు, అడ్రస్, ఇంటర్వ్యూ డేటు, టైము. అన్నీ చెప్పండి. అందరం అదే టైముకి మోకరిద్దాం."

ఆయన భార్య కరుణమ్మ గారు ఆ ప్రార్థన మనవులన్నీ టైపు చేసి, కాపీలు తీసి, సోమవారం కల్లా పన్నెండు ఇళ్ళకూ పోస్టు చేసేవారు. అందులో సిస్టర్ నవోమి గారి మోకాలు ఉండేది, ఎడమది అని స్పష్టంగా. ఆ వారం నా మనవి కూడా చేరింది: ఫలానా బ్రేకుల కంపెనీ, ఫలానా రోడ్డు, గురువారం ఉదయం పది, రెండో అంతస్తు, లిఫ్టు దిగాక కుడివైపు.

గురువారం తొమ్మిదీ నలభైకి లిఫ్టు దిగి కుడివైపు తిరిగాను. మా సహవాసం నుంచి నలుగురు టైలు కట్టుకుని వరసగా కూర్చుని ఉన్నారు.

"వందనాలు తమ్ముడూ," అంటూ లేచాడు దైవాశీర్వాదం అన్న. ఫ్యాక్టరీలో డ్రాయింగులు గీసే పని పోయి ఎనిమిది నెలలైంది ఆయనకు. ముగ్గురు పిల్లలు. "నీ కోసం ప్రార్థన చేస్తా ఉంటే, వీళ్ళకి డ్రాయింగ్ వేసేవాడు కూడా కావాలేమో అనిపించింది. నీకైతే అడ్డం రాను."

మిగతా ముగ్గురూ అడ్డం రావడానికే వచ్చారు గాని, చెప్పలేదు. "ప్రార్థనలో నాకు క్లియర్‌గా లీడింగ్ వచ్చింది బ్రదర్, ఇక్కడికి వెళ్ళమని," అన్నాడొకాయన కారు తాళాలు ఆడిస్తూ. పది కావస్తోంది కనుక, అందరం కలిసి ప్రార్థిద్దామన్నారు. ఐదుగురం తలలు వంచి, చేతులు పట్టుకుని, కళ్ళు మూసుకున్నాం. సరిగ్గా అప్పుడే ఇంటర్వ్యూ చేయవలసిన దొర బయటికొచ్చాడు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కదలకుండా కూర్చున్న ఐదుగురిని డెట్రాయిట్‌లో ఎవరైనా ఏమనుకుంటారు? యూనియన్ అనుకున్నాడు. లోపలికెళ్ళి లాయరుకి ఫోన్ చేశాడు. మా డిమాండ్లు ఏవైనా రాతపూర్వకంగా పంపవలసిందని సెక్రటరీ వచ్చి చెప్పింది. ఇంటర్వ్యూ జరగలేదు.

సామాన్యుడైతే తలరాత అనుకునేవాడు. నేను ఎంబీఏని. రెండు రోజులు కూర్చుని, క్లాసులో సబ్బుల కంపెనీని కోసినట్టు నా పరాజయాన్ని కోసి చూశాను. తేలిందేమిటంటే, సమాచారమే పెట్టుబడి. నా పెట్టుబడిని నేనే కాపీలు తీయించి పన్నెండు ఇళ్ళకు పోస్టు చేయించుకున్నాను! ఇంత చదివి ఇంత వెధవపని చేసినందుకు నన్ను నేను తిట్టుకున్నాను.

మార్చిలో మరో ఇంటర్వ్యూ వచ్చింది. వారెన్‌లో, కారు సీట్లు చేసే కంపెనీ. మంగళవారం పది గంటలకు. ఆదివారం సామ్యూల్ గారు నోట్‌బుక్ తెరవగానే లేచి, తొణక్కుండా, "నోవైలో బ్రదర్. మంగళవారం పదింటికి. గ్రేట్ బ్రాకెట్ కంపెనీ," అన్నాను.

"అడ్రస్?"

నోట్లోకి వచ్చిన నంబరు ఒకటి, రోడ్డు పేరు ఒకటి చెప్పాను. నోవై అంటే వారెన్‌కు అవతలి దిక్కున ఉన్న ఊరు, అప్పట్లో సగం పొలాలే. "హైవే దిగగానే," అని కూడా కలిపాను. వివరం ఉంటే నమ్మకం కలుగుతుందని మార్కెటింగ్ ప్రొఫెసరు చెప్పనే చెప్పారు.

మంగళవారం మంచు విపరీతంగా కురిసింది. వారెన్‌లో నేనొక్కణ్ణే ఉన్నాను. హాయిగా ఉంది. పదిమందితో కలిసి పనిచేసిన అనుభవం ఉందా అని అడిగారు. మా సహవాసం గురించి చెప్పాను. ఒకరి భారం ఒకరు మోసుకుంటామని, ఒకరి కోసం ఒకరం మోకరిస్తామని వివరించాను. ఇంటర్వ్యూ చేసే దొర కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. శుక్రవారానికల్లా ఉద్యోగం ఇస్తున్నట్టు కాగితం చేతికొచ్చింది. గదిలో ఒంటరిగా గంతులేశాను.

ఆదివారం సాక్ష్యం చెప్పాను. దేవుడు చేసిన మేలును వర్ణించాను. నోవై, వారెన్ అని ఊళ్ళ జోలికి పోలేదు. చప్పట్లయ్యాక దైవాశీర్వాదం అన్న లేచాడు. దగ్గుతున్నాడు. ఆయన భార్య లూసీ అక్క చొక్కా పట్టుకుని లాగుతున్నా కూర్చోలేదు.

"నేను కూడా ఒక మాట చెప్పాల. బ్రేకుల కంపెనీలో నేను చేసింది తప్పు. తమ్ముడు మనల్ని నమ్మి అడ్రస్ చెప్తే, నా ఫైలు పట్టుకుని పోయా. సిగ్గేసింది. అందుకని ఈసారి ఫైలు ఇంట్లో పెట్టి, నోవై పోయా. తమ్ముడు లోపల ఉన్నంతసేపు బయట కార్లో కూర్చుని ప్రార్థన చేద్దామని. తీరా చూస్తే ఆడ బిల్డింగే లేదు. కోసేసిన మొక్కజొన్న చేను. అడ్రస్ నేనే తప్పు రాసుకున్నట్టున్నా. పోనీలే, ఈ చుట్టుపక్కలే ఎక్కడో ఉంటాడులే అని ఆడే కూర్చుని రెండు గంటలు చేశా. కారు హీటర్ పనిచెయ్యదు, అందుకే ఈ దగ్గు. బయటికొచ్చాక నీతో చెయ్యి కలుపుదామనుకున్నా తమ్ముడూ. దొరకలా. ఏమనుకోమాక."

కారు తాళాల బ్రదరు నా వంక చూశాడు. మిగతా ఇద్దరూ చూశారు. ముగ్గురి బూట్లకూ నోవై మట్టి ఇంకా అంటుకునే ఉంది. అన్న కార్లో కళ్ళు మూసుకుని ఉండగా, ఆ చేను చుట్టూ వాళ్ళూ ఫైళ్ళు పట్టుకుని తిరిగారన్నమాట. కానీ ఏ మొహం పెట్టుకుని లేస్తారు? నేను పడ్డ సిగ్గుకి భూమిలోకి కూరుకుపోవాలనిపించింది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను కూడా. ఉద్యోగం కాగితం కోటు జేబులో కరకరలాడింది. "ఫర్వాలేదు అన్నా," అన్నాను. పెద్ద మనసుతో ఆయన్ని క్షమించాను.

ఆ తర్వాతి వారం పోస్టులో వచ్చిన కాగితం నేను దాచుకోవలసింది. సిస్టర్ నవోమి గారి మోకాలు తప్ప, మిగిలిన మనవులన్నీ ఒకే మాట: "దేవునికి తెలిసిన విషయం." ఏ కంపెనీ లేదు, ఏ ఊరు లేదు. సామ్యూల్ గారు ఎంత గుచ్చి అడిగినా ఎవరూ నోరు విప్పలేదు. పన్నెండు కుటుంబాలు ఒక్క వారంలో, ఏ ఫీజూ కట్టకుండా, నాతో సమానమైన విద్యావంతులయ్యాయి. ఒక విద్యార్థి తన చదువును సమాజానికి ఇంతకన్నా వేగంగా అందించిన దాఖలా ఉంటే తెలియజేయగోరుతున్నాను.

ఇక ప్రస్తుత పరిస్థితి. ఇది 1987. సీట్ల కంపెనీ వాళ్ళు మొన్న నా పోస్టు తీసేశారు. మా ఆవిడ ఉషకి ఏడో నెల. ఇన్సూరెన్సు నెలాఖరు వరకే. బుధవారం ఒక ఇంటర్వ్యూ ఉంది. మొన్న ఆదివారం లేచి, "దేవునికి తెలిసిన విషయం," అన్నాను. అందరూ తలలు వంచి ఎంతో శ్రద్ధగా ప్రార్థించారు. దేనికోసమో వాళ్ళకి తెలియదు. వాళ్ళలో ఎవరి ఆఫీసులో ఖాళీ ఉందో నాకూ తెలియదు.

కోట్లు వేసుకుంటుంటే దైవాశీర్వాదం అన్న దగ్గరికొచ్చాడు. ఆయనిప్పుడు ఒక చిన్న వర్క్‌షాపులో డ్రాయింగులు గీస్తున్నాడు. వాళ్ళకి ఆర్డర్లు తగ్గాయని విన్నాను. "తమ్ముడూ, నీ మొహం చూస్తే తెలుస్తా ఉంది, ఉద్యోగం సంగతే కదా? ఎక్కడ, ఎన్నింటికి? వచ్చి బయట కూర్చుంటా. కొత్త కారులే, హీటర్ ఉంది."

ఆ మనిషి కళ్ళలోకి చూశాను. ఆయన అబద్ధమాడడని నాకు తెలుసు. కానీ ఆర్డర్లు తగ్గాయనీ, ఆయనకి ముగ్గురు పిల్లలున్నారనీ కూడా నాకు తెలుసు.

"ఇంకా ఫిక్స్ కాలేదు అన్నా," అన్నాను. మీరైతే అడ్రస్ ఇచ్చేవారే, సందేహం లేదు.