మిస్ జెనీవా సన్మాన పత్రం

ఫోను మోగినప్పుడు సెడ్రిక్ పొయ్యి దగ్గర గ్రిట్స్ అనే మొక్కజొన్న రవ్వ జావ కలుపుతున్నాడు. రెనీటా అతని వీపుకు ఆనుకుని, కలపడం నేర్పుతానన్న వంకతో ఆ పని సాగనివ్వడం లేదు. పెళ్లయి రెండు నెలలే కావడంతో ఆ ఇంట్లో ఏ పనీ ఒక్కరితో అయ్యేది కాదు.

"హలో" అన్న మరుక్షణం రెనీటా నిటారుగా నిలబడింది. అటువైపు ఉన్నది మిస్ జెనీవా టాలివర్.

"వస్తాను తల్లీ మీ బడికి. ఒక్కటే షరతు. హడావుడి చేయొద్దు. పిల్లలతో నాలుగు మాటలు మాట్లాడి వెళ్లిపోతాను."

ఫోను పెట్టేసి రెనీటా భర్త మెడ పట్టుకుని గంతులేసింది. గ్రిట్స్ అడుగంటాయి. ఇద్దరూ ఆ మాడుమీదే వెన్న వేసుకుని, ఇంత రుచిగా ఎప్పుడూ కుదరలేదని ఒకరికొకరు చెప్పుకుంటూ తిన్నారు.

గంతులేయడానికి కారణం ఉంది. అరవై ఏళ్ల కిందట అలబామాలోని ఆ చిన్న ఊరి బడిలో తెల్లపిల్లలే చదివేవారు. ఆ గేటు దాటి లోపలికి నడిచిన మొదటి నల్లపిల్ల జెనీవా. ఒక్కతే నడిచింది. ఏడాదంతా ఆమె పక్క బల్ల ఖాళీగానే ఉంది. మధ్యాహ్నం అన్నం కూడా ఒక్కతే తిన్నది. ఆ తర్వాత మళ్లీ ఆ గేటు దాటలేదు. ఇప్పుడు ఆ బడి నిండా నల్లపిల్లలే. ఏటా ఫిబ్రవరిలో తమ జాతి గొప్పవాళ్ల బొమ్మలు గీసి గోడలకు అంటిస్తారు. నాలుగు వీధుల అవతల ఉన్న మనిషి గురించి మాత్రం వాళ్లకు తెలియదు. ఆ బడిలో టీచరైన రెనీటా, ఒక్కసారి వచ్చి పిల్లలతో మాట్లాడమని ఆమెను మూడేళ్లుగా బతిమాలుతోంది.

కార్యక్రమ పత్రం అచ్చువేయించే పని సెడ్రిక్ నెత్తిన వేసుకున్నాడు. కొత్త మొగుడికి ఉత్సాహం ఎక్కువ. ఆ ఊళ్లో ఏ కాగితమైనా అచ్చయ్యేది లూషియస్ గాడ్స్‌డెన్ గారి దగ్గరే. ఆయనది అంత్యక్రియలు జరిపించే సంస్థ; శవపేటికను తీసుకెళ్లే కారూ, బంధువులను తీసుకెళ్లే కారూ ఆయన దగ్గరే ఉంటాయి. చర్చికి విసనకర్రలు, బడికి కాగితాలు ఉచితంగా ఇచ్చి, అడుగున తన పేరు వేసుకుంటాడు.

"పుట్టిన తేదీ?" అన్నాడు గాడ్స్‌డెన్ ఫోనులో. సెడ్రిక్ చెప్పాడు.

"రెండో తేదీ?"

"శుక్రవారం, ఇరవై" అన్నాడు సెడ్రిక్, కార్యక్రమం తేదీ అడిగాడనుకుని.

తేదీలను ప్రశ్నించడం ఆయన వృత్తిలో మర్యాద కాదు. నొచ్చుకున్న గొంతుతో, "కార్యక్రమం నా దగ్గర పెట్టుకోలేదేం బాబూ?" అన్నాడు.

"బడిలో అయితే పిల్లలు కూడా చూస్తారు కదండీ."

"పిల్లలా! వాళ్లెందుకయ్యా?"

"ఆవిడే ఒప్పుకున్నారండీ. నిన్ననే ఫోన్ చేసి చెప్పారు."

"ముందే చెప్పి పెట్టుకుందన్నమాట. మహాతల్లి!" గాడ్స్‌డెన్ అవతల ముక్కు చీదాడు. "ఘనంగా చేస్తాను. ఇక నాకు వదిలెయ్."

గురువారం పొద్దునకల్లా పత్రాలు చర్చిలోనూ, జుట్టు దువ్వే దుకాణంలోనూ, బడిలోనూ ఉన్నాయి. మబ్బుల మధ్య మిస్ జెనీవా నవ్వు మొహం, చుట్టూ తెల్ల పావురాలు, కింద రెండు తేదీలు, మధ్యలో చిన్న గీత. పుట్టుకకూ చావుకూ మధ్య వేసే ఆ గీతకు అర్థం తెలియనివాళ్లు ఆ ఊళ్లో లేరు.

దుకాణంలో, మిస్ జెనీవా చర్చి స్నేహితురాలు సిస్టర్ వెర్లీన్ తల సగం దువ్వించుకుని లేచి నిలబడింది.

"అయ్యో జెనీవా! మొన్న ఆదివారం నా టోపీ బాగాలేదని అన్నదే!"

"రేపటి తేదీ వేశారేమిటి సిస్టర్?" అంది దువ్వే అమ్మాయి.

"దాని సంగతి నీకు తెలీదు. ఏ పనైనా ఒకరోజు ముందే సర్దుకునే మనిషి" అని, వెర్లీన్ ఆ సగం తలతోనే చావింటికి పట్టుకెళ్లే పౌండ్ కేకు చేయడానికి పరుగెత్తింది.

బడిలో రెనీటా తలుపు తీసేసరికి తరగతంతా ఏడుస్తోంది. "ఆవిడ వస్తానని చెప్పి చచ్చిపోయారేంటి మిస్?" అన్నది ముందు బల్ల మీది పిల్ల. రెనీటా ఆ పిల్ల చేతిలోని పత్రం లాక్కుని చూసింది. సెడ్రిక్‌కు ఫోన్ చేసింది.

"బాగుంది కదూ? పావురాలు ఆయనే సొంతంగా వేశాడు" అన్నాడతను.

"నోరు మూసుకుని కారు తీసుకురా!"

వాళ్లు చేరేసరికి మిస్ జెనీవా ఇంటి ముందు కార్లు బారులు తీరి ఉన్నాయి. అడగకుండా వంటింట్లోకి వెళ్లి గిన్నెలు సర్దేయడం అక్కడి పరామర్శ పద్ధతి. బల్ల మీద వేయించిన కోడి, ఆకుకూర, కేకులు. నల్ల సూటులో గాడ్స్‌డెన్ ద్వారం దగ్గర నిలబడి ఉన్నాడు. వెర్లీన్ కళ్లు ఒత్తుకుంటోంది. "లాండ్రీలో ఇస్త్రీ చేస్తూ చేస్తూ మా అబ్బాయికి చదవడం నేర్పిందమ్మా. ఒక్క మాట ఎవరికీ చెప్పుకోలేదు." "మా అక్కకూ నేర్పింది" అన్నారొకరు. "నాకూ" అన్నాడు గాడ్స్‌డెన్, తలవంచుకుని.

అప్పుడు వెనక గది తలుపు తెరుచుకుంది. ఇంటి చెప్పులతో, తలకు గుడ్డతో మిస్ జెనీవా బయటకు వచ్చింది. వెర్లీన్ చేతిలోని బంగాళాదుంపల గిన్నె కింద పడింది.

"ఏడుపు తర్వాత, ముందు నేల తుడువు" అంది మిస్ జెనీవా.

కేకలు సద్దుమణిగాక రెనీటా ఆమె కాళ్ల దగ్గర కూలబడింది. "తప్పంతా మాదే. మీరు అడిగింది ఒక్కటే, హడావుడి వద్దని. మీరు రానన్నా అడిగే మొహం లేదు నాకు."

మిస్ జెనీవా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"రాననే చెబుదామనుకున్నాను" అంది. "పొద్దున్నే నీకు ఫోన్ చేయబోయాను. ఆ గేటు తలుచుకుంటే కాళ్లు రావడం లేదు తల్లీ. ఇంత వయసొచ్చినా. మళ్లీ ఒక్కదాన్నే నడవాలి కదా అనిపించింది. ఇంతలో వీళ్లంతా వంటింట్లోకి దూరారు. తలుపు చాటున కూర్చుని అంతా విన్నాను." బల్ల మీది కేకుల వైపు, చుట్టూ ఉన్న మొహాల వైపు చూసింది. "నాకంటూ ఇంతమంది ఉన్నారని నాకెవరూ చెప్పలేదే!"

సెడ్రిక్ భార్య చెయ్యి పట్టుకున్నాడు.

"సరే, వినండి" అంది మిస్ జెనీవా. "ఎలాగూ నా అంత్యక్రియలకని రేపటికి బట్టలు ఇస్త్రీ చేసుకునే ఉంటారు. పదింటికి అందరూ బడి గేటు దగ్గర ఉండండి. లోపలికి నా వెంట నడవండి. ఈ తిండి పిల్లలకు పెట్టండి, అందరూ కలిసి ఒకే బల్ల దగ్గర తినాలి. గేటు దాకా నడవడానికి నా మోకాళ్లు సహకరించవు. లూషియస్, కారు పంపు."

గాడ్స్‌డెన్ టోపీ చేతుల్లో తిప్పుకుంటూ ముందుకొచ్చాడు.

"ఏ కారు పంపమంటారమ్మా?"

"కూర్చుని వెళ్లేది" అంది మిస్ జెనీవా.