గంటసేపు బెల్టు విప్పకూడదు

ఆ రోజు ప్లానులో గొడవకు ఎక్కడా చోటు లేదు. పదకొండున్నరకు నరసరావుపేటలో బస్సెక్కాలి, రెండు దాటాక మాచర్లలో దిగాలి, మర్నాడు షబీనా చెల్లెలు అంజుమ్ నిశ్చితార్థం చూసుకుని తిరిగి రావాలి. రాత్రే బట్టలు సర్దేశారు. తేలాల్సింది ఒక్కటే మిగిలింది. ఆరు నెలల ముజాహిద్‌ను బస్సులో ఎవరు ఎత్తుకోవాలి, దేంట్లో ఎత్తుకోవాలి?

ఐజాజ్ ఆన్‌లైన్‌లో తెప్పించిన బేబీ క్యారియర్‌ను అట్టపెట్టెలోంచి తీసి మంచం మీద పరిచాడు. నీలం రంగు, నాలుగు బెల్టులు, మూడు బకిల్సు. ఛాతీకి కట్టుకుని పిల్లాణ్ణి అందులో కూర్చోబెడితే రెండు చేతులూ ఖాళీ. ఒక్కో బకిల్‌నూ టక్కున పెట్టి, టక్కున తీసి, ఆ చప్పుడుకే మురిసిపోయాడు.

"పిల్లోడేమన్నా స్కూలు బ్యాగా, బెల్టులేసి తగిలించుకోడానికి?" అంది షబీనా. వాళ్ళమ్మ పాత నూలు చీరను జోలెగా కట్టి, కొడుకును వీపున వేసుకుని, నిలబడే ఉప్మా తింటోంది.

"నీ జోలె చూసి బస్టాండులో ఎవరన్నా చిల్లరేస్తారు."

"మా అమ్మ నన్నీ చీరలోనే కట్టుకుని సీజనంతా మిరపకాయలు కోసింది. కింద పడ్డానా నేను?"

"పడలేదులే. ఆ ఘాటు మాత్రం ఇంకా దిగలా. అయినా కూర్చుని తినొచ్చుగా?"

"కూర్చుంటే లేస్తాడు. మనం నిలబడినంతసేపే వాడి నిద్ర."

"అదంతా నువ్వు చేసిన అలవాటు!" అన్నాడు ఐజాజ్, పిల్లల పెంపకం మీద పుస్తకం రాసినవాడిలా.

నిజం చెప్పాలంటే ఐజాజ్ బాధ బెల్టుల గురించి కాదు. పురుడు మాచర్లలో జరిగింది. మూడో నెల దాకా కొడుకును ఆదివారం ఆదివారం చూసి రావడమే సరిపోయింది. పేటకు వచ్చాక అయినా ఎత్తుకుందామంటే, చెయ్యి చాచగానే "ఆ గ్రీజు చేతులతోనా?" అని ఎవరో ఒకరు పిల్లాణ్ణి లాక్కునేవారు. దానికితోడు అతనికే భయం. ముప్ఫై ఏళ్ళ జీవితంలో ఇనుము పట్టుకోవడమే తెలిసిన చేతులకు ఆ మెత్తటి ఒళ్ళు ఎక్కడ జారిపోతుందోనని దడ. మాచర్లలో దిగితే పిల్లాడు అమ్మమ్మ చేతుల్లోంచి పిన్నమ్మ చేతుల్లోకి, అక్కణ్ణుంచి వీధిలోకి వెళ్ళిపోతాడు, మళ్ళీ దొరకడు. బస్సులో ఉండే ఆ రెండున్నర గంటలే తనవి. వాటికోసం ఎంత గొడవకైనా సిద్ధంగా ఉన్నాడు.

షబీనాకు ఆ సంగతి తెలియక కాదు. అయినా తల్లి కదా, ఊరికే ఒప్పుకోదు.

"షాపులో ట్రాక్టరు సెల్ఫ్ బాగుచేసి ట్రయల్ ఎయ్యకుండా ఎవరికన్నా ఇచ్చావా నువ్వెప్పుడైనా? దీనికీ ఎయ్యి. వాడంత బరువు పెట్టుకుని గంటసేపు బజార్లో తిరిగి రా. మధ్యలో బెల్టు ఊడకూడదు, నువ్వు విప్పకూడదు. నిలబడిందా, బస్సులో వాడు నీ దగ్గరే."

"మాటంటే మాటేనా?"

"మాటే."

పల్నాడు రోడ్డులో ఐజాజ్‌ది సెల్ఫ్-డైనమో రిపేరు షాపు. ట్రాక్టరు ఇంజన్ను తిప్పి లేపే మోటారును సెల్ఫ్ అంటారు. అది మొరాయిస్తే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు అతని దగ్గరికే మోసుకొస్తారు. ఆ పొద్దున కూడా రొంపిచర్ల రైతు ఫణీంద్ర తాలూకు సెల్ఫ్ ఒకటి బాగై బల్ల మీద తయారుగా ఉంది. ఐజాజ్ దాన్ని కాటా మీద పెట్టి చూస్తే ఎనిమిది కిలోలు తూగింది. పోయిన వారం అంగన్‌వాడీలో గ్రేసమ్మ తూచినప్పుడు ముజాహిద్ ఏడున్నర. అరకిలో ఎక్కువైతే పరీక్ష ఇంకా గట్టిగా ఉంటుంది, పనిలో పనిగా సెల్ఫ్ కూడా బస్టాండు దగ్గర ఫణీంద్రకు అందుతుంది. తన తెలివికి తనే పొంగిపోయాడు.

కొత్త క్యారియర్‌కు గ్రీజు అంటకుండా సెల్ఫ్‌ను పిల్లాడి పాత దుప్పట్లో చుట్టాడు. పైకి పొడుచుకొచ్చిన పళ్ళచక్రానికి దెబ్బ తగలకుండా, చిన్నదైపోయిన ఉన్ని టోపీ తొడిగాడు. బెల్టులు బిగించి, ఫోనులో గంటకు అలారం పెట్టి, తొమ్మిదిన్నరకు హుషారుగా రోడ్డెక్కాడు.

మొదటి అరగంట రాజభోగమే. కూరగాయల ఆవిడ "మీ నాన్న పోలికే" అని మెచ్చుకుంది, సెల్ఫ్ ముఖం చూడకుండానే. కిళ్ళీ కొట్టాయన సిగరెట్ పొగ పక్కకు ఊదాడు. ఇద్దరు ఆడవాళ్ళు దారిచ్చి, "ఎంత బుద్ధిమంతుడో, కిక్కురుమనడు" అనుకున్నారు. ఐజాజ్‌కు చెప్పలేనంత గర్వం కలిగింది. ఎనిమిది కిలోల ఇనుముతోనే ఇంత మర్యాద దొరికితే, ఇక అసలు కొడుకుతో బస్సెక్కితే ఎలా ఉంటుందోనని ఒళ్ళు పులకరించింది.

బస్టాండు పక్కన టీ బంకు దగ్గర ఫణీంద్ర ట్రాక్టరుతో కాచుకుని ఉన్నాడు. నలుగురితో తోయించి స్టార్ట్ చేసుకుని వచ్చిన మనిషి, చెమటలు ఇంకా ఆరలేదు.

"ఏంది భాయ్, నా సెల్ఫ్ తెమ్మంటే పిల్లోణ్ణి తెచ్చావు?"

"నీ సెల్ఫే అన్నా ఇది." ఐజాజ్ పందెం సంగతంతా చెప్పాడు. "ఇంకో ఇరవై నిమిషాలుంది. అప్పటిదాకా బెల్టు విప్పకూడదు. టీ తాగుదాం."

"ఇరవై నిమిషాలా? పొలంలో కూలోళ్ళు నిలబడున్నారయ్యా! ట్రయల్ చూపించు, తిరుగుతుందో లేదో కళ్ళారా చూస్తేగాని నాకు నిమ్మళం ఉండదు. నువ్వు విప్పబాకలే, అట్టే నిలబడు. బ్యాటరీ వైర్లు నేనందిస్తా."

ట్రయల్ అడిగిన మనిషికి కాదని చెప్పడం ఆ షాపు చరిత్రలో లేదు. ఐజాజ్ బ్యాటరీ పక్కన నిలబడి, దుప్పటి కొంచెం తొలగించి, ఎర్ర వైరు ఒకచోట, నల్ల వైరు ఒకచోట ఆనించాడు. నిప్పురవ్వలు లేచాయి. సెల్ఫ్ గుర్రుమని తిరిగింది. ఆ ఊపుకు ఐజాజ్ కూడా సగం చుట్టు తిరిగాడు. బెల్టు మాత్రం చెక్కుచెదరలేదు.

"అబ్బ, ఏం పట్టింది!" అని ఆనందంతో కేకేశాడు ఐజాజ్. 

సరిగ్గా అప్పుడే రోడ్డుకు అవతల అంగన్‌వాడీ గ్రేసమ్మ ఆటో దిగింది. పోయిన వారం తన చేతులతో తూచిన పిల్లాడు, అదే దుప్పటి, అదే టోపీ. కన్నతండ్రి నవ్వుతూ పిల్లాడికి బ్యాటరీ వైర్లు పెట్టడం, నిప్పులు రాలడం, టోపీతో సహా తల గిర్రున తిరగడం ఆమె కళ్ళారా చూసింది. చేతిలోని రికార్డులు కింద పడేసి ఫోను తీసింది.

"షబీనా! నీ మొగుడు పిల్లోడికి కరెంటు పెడతన్నాడే! బస్టాండు కాడ! పరిగెత్తు!"

ఆమె ఫోనులో అరిచిన అరుపుకు టీ బంకు, పూల కొట్లు, ఆటో స్టాండు మొత్తం కదిలి వచ్చాయి. నిమిషంలో ఐజాజ్ చుట్టూ యాభై మంది.

"అయ్యో, మీరనుకునేది కాదు! ఇది సెల్ఫ్!" అన్నాడు ఐజాజ్.

"కన్నబిడ్డను పట్టుకుని సెల్ఫ్ అంటాడేందిరా వీడు!" అన్నారెవరో.

టోపీ తీసి చూపిస్తే పోతుందని లాగాడు. ఉన్ని దారాలు పళ్ళచక్రంలో చుట్టుకుని బిగుసుకుపోయాయి, రాలేదు. పిల్లాడి తలను పట్టి పీకుతున్నాడని ఒక ముసలావిడ గుండెలు బాదుకుంది. ఫణీంద్ర సాయం చేద్దామని ముందుకు దూకాడు. ఆ పని చేయకుండా ఉంటే బాగుండేది.

"ఆపండెహె! అది ఆయనది కాదు, నాది! నాకిచ్చెయ్యండి, పొలంలో దాంతో పనుంది నాకు!"

జనమంతా ఒకేసారి నోరు తెరిచారు.

"పిల్లోణ్ణి పొలం పనికి అమ్ముతున్నాడు!"

ట్రాఫిక్ డ్యూటీలో ఉన్న హోంగార్డు సాల్మన్ రాజు విజిల్ ఊదుకుంటూ వచ్చాడు. "ఏందయ్యా గోల? ముందా పిల్లోణ్ణి బయటికి తియ్యి."

ఐజాజ్ ఫోను చూసుకున్నాడు. గంట నిండడానికి ఇంకా ఎనిమిది నిమిషాలు. ఇప్పుడు బకిల్ తీస్తే ప్రాణం దక్కుతుంది, బస్సులో కొడుకు దక్కడు. రెండు చేతులతో సెల్ఫ్‌ను గుండెకు హత్తుకున్నాడు.

"సార్, ఎనిమిది నిమిషాలాగండి. అప్పుడు నేనే విప్పి చూపిస్తా. ఇంట్లో మాటిచ్చా."

"ఎనిమిది నిమిషాల్లో ఏం చేద్దామని?" సాల్మన్ రాజు దుప్పట్లోకి చెయ్యి పెట్టి తడిమాడు. ముఖం పాలిపోయింది. "ఓరి దేవుడా... ఒళ్ళంతా చల్లబడి గట్టిపడిపోయింది!"

గ్రేసమ్మ కెవ్వుమంది. ఆ కేకకు జనం రెండుగా చీలారు. ఆ దారిలో షబీనా వచ్చింది. చెప్పులు లేవు, చేతికి సబ్బు నురగ అంటుకునే ఉంది, అరకిలోమీటరు దూరం ఒక్క పరుగున వచ్చిన రొప్పు. వచ్చీరాగానే ఐజాజ్ కాలరు పట్టుకుంది.

"నా బిడ్డేడీ? ఏం చేశావు నా బిడ్డను? పందెం లేదు, పాడూ లేదు, నా ముజ్జూను నాకిచ్చెయ్యి!"

ఐజాజ్‌కు ఎదురుగా, ఆమె భుజం వెనక నుంచి, జోలెలోంచి ముజాహిద్ తల పైకెత్తి చూస్తున్నాడు. అరకిలోమీటరు ఊయల ఊగి, అప్పుడే నిద్ర లేచి, ఇంతమందిని ఒక్కచోట చూసిన సంబరంలో బోసినోటితో నవ్వుతున్నాడు.

"షబీనా," అన్నాడు ఐజాజ్ మెల్లగా, "నీ వీపు చూసుకోవే."

ఆమె చెయ్యి వెనక్కి వెళ్ళింది. వెచ్చటి కాలొకటి తగిలింది. యాభై మంది ఎదుట షబీనా అలాగే నిలబడిపోయింది. ఏడుపు ఆగలేదు, నవ్వు మొదలైంది, రెండూ కలిసి వచ్చాయి.

సాల్మన్ రాజు జోలె వైపు చూశాడు, క్యారియర్ వైపు చూశాడు. "అమ్మా, ఇంతకీ మీకెంతమంది పిల్లలు?"

ఐజాజ్ జేబులో అలారం మోగింది.

"గంటయింది!" అని అతను ఎగిరి గంతేసి, యాభై మంది సాక్షిగా మూడు బకిల్సూ టక్ టక్ టక్‌మని విప్పి, దుప్పటి తీసి, టోపీతో సహా సెల్ఫ్‌ను ఫణీంద్ర చేతిలో పెట్టాడు. జనం ఈలలు వేశారు. గ్రేసమ్మ తన రికార్డులు ఏరుకుంటూ, "ఈసారి తూకానికి ఇద్దర్నీ తీసుకురా," అని గొణుక్కుంటూ వెళ్ళిపోయింది.

ఇంటి గుమ్మంలో అడుగుపెట్టాక ఐజాజే తగ్గాడు. "నీ జోలే మంచిదే. అంత దూరం పరిగెత్తావు, వాడు లేవలేదు, బరువు నీకు తెలియనే లేదు. జోలెలోనే తీసుకెళ్దాంలే."

"వద్దు," అంది షబీనా. "ఉన్నాడో లేడో తెలియకుండా వీపున వేసుకుని ఊరంతా ఏడ్చానయ్యా నేను. నీ గుండెల మీదైతే కళ్ళెదురుగా కనిపిస్తాడు. అంతమంది మీద పడ్డా నువ్వు ఇనుప ముక్కనే వదల్లేదు, వాణ్ణెట్టా వదులుతావు?"

పదకొండున్నర బస్సులో బెల్టులు ఆమే స్వయంగా బిగించింది. ముజాహిద్ తండ్రి ఛాతీకి బుగ్గ ఆనించి, చొక్కా బొత్తాం ఒకటి పిడికిట పట్టుకుని, రెండు నిమిషాల్లో నిద్రలోకి జారాడు. ఆ చిన్న ఊపిరి చొక్కాలోంచి వెచ్చగా తగులుతుంటే ఐజాజ్ కళ్ళు చెమ్మగిల్లాయి. ఇది ఇనుము కాదు, జారిపోనూ లేదు. లోకంలో తనంత గొప్పవాడు లేడనుకుంటూ, షబీనా పక్కనున్న సీట్లో ఠీవిగా కూర్చున్నాడు.

ముజాహిద్ కెవ్వుమన్నాడు. ఐజాజ్ లేచాడు. పిల్లాడు ఊరుకున్నాడు. ఈసారి నెమ్మదిగా, సీటుకు కూడా తెలియకుండా కూర్చోబోయాడు. మళ్ళీ కెవ్వు.

"అదంతా అలవాటేలే," అంది షబీనా. కిటికీకి తల ఆనించి, ఆరు నెలల తర్వాత తొలిసారి కాళ్ళు చాపుకుని కళ్ళు మూసుకుంది.

పిడుగురాళ్ళ దాటాక కండక్టరు వచ్చి, "సీటు ఖాళీగా ఉంది గదయ్యా, కూర్చో," అన్నాడు జాలిగా.

మాచర్ల దాకా అది ఖాళీగానే వచ్చింది.