తండ్రి చూడకూడని ముఖం

ఏలూరులో పొద్దుటి ప్యాసింజరు ఎక్కడం, తాడేపల్లిగూడెంలో దిగడం, మధ్యాహ్నం లోపల పీటల మీద కూర్చోవడం. అబ్బాయిరాజు వేసుకున్న ఏర్పాటు ఇంతే. ఇందులో తప్పు జరగడానికి చోటెక్కడుందో అతనికి కనబడలేదు. రైసుమిల్లులో కూర్చుని మద్రాసు దాకా బస్తాలు పంపే మనిషికి, నెల నిండని బిడ్డను అత్తవారింటి నుంచి తన ఇంటికి తీసుకుపోవడం ఒక పనా? పైగా రెండో బిడ్డ.

అడ్డు ఒక్కటే. ఆ బిడ్డ ముఖం అతను చూడకూడదు.

పిల్లవాడు మూలా నక్షత్రం మొదటి పాదంలో పుట్టాడు. తండ్రికి గండం. మళ్ళీ మూల వచ్చిన రోజున శాంతి చేయించి, కంచుగిన్నెలో నువ్వులనూనె పోసి, అందులో బిడ్డ నీడ చూశాకే తండ్రి నేరుగా ముఖం చూడాలి. ముందే చూస్తే ఆయుష్షుకు పూచీ లేదు. ఈ మాట పురోహితుడు ఒకసారి చెప్పాడు. అబ్బాయిరాజు తల్లి వెంకటనరసమ్మ పూటకొకసారి చెబుతోంది. భర్త చిన్నవయసులోనే పోతే ఒక్క కొడుకును పెంచి పెద్దచేసిన మనిషి. ఆవిడ భయాన్ని చూసి నవ్వే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

"ఒరే, తలమీద తువ్వాలు కప్పుకో. ఆడవాళ్ళ పెట్టె ఇంజను పక్కనుంది. నువ్వు నడిమి పెట్టెలో ఎక్కు. ఏ స్టేషన్లోనూ ఇటు రాకు," అంది వెంకటనరసమ్మ ప్లాట్‌ఫారం మీద.

"దాహమేస్తేనో అమ్మా?"

"దాహంతో ఎవరూ చావరు. ముఖం చూస్తే చస్తావు."

వెనక నుంచి భార్య సీతారత్నం గొంతు వినబడింది. "ఏవండీ, ఏడుపు విన్నారుగా. గొంతు మాత్రం మీదేనండీ." అబ్బాయిరాజు అటు తిరగబోయాడు. తల్లి చెయ్యి అతని మెడను పట్టుకుని తిన్నగా పెట్టింది.

నడిమి పెట్టెలో అతని ఎదురుగా లాల్ బాషా కూర్చున్నాడు. ఏలూరులో తివాసీలు నేస్తాడు. భార్య ఖదీజాను, పుట్టి నెల దాటిన కూతురిని నిడదవోలు తీసుకుపోతున్నాడు. వాళ్ళూ ఆడవాళ్ళ పెట్టెలోనే ఉన్నారు. దెందులూరులో బండి ఆగిందో లేదో అతను దిగి ముందుకు పరుగెత్తాడు. బండి కదులుతుంటే రొప్పుతూ ఎక్కాడు.

"ఏమైందండీ?" అన్నాడు అబ్బాయిరాజు.

"ఏమీ కాలేదండి. నిద్రపోతోందండి. ఊపిరి తీస్తోందో లేదోనని చూసొచ్చానండి."

"తీస్తోందా?"

"తీస్తోందండి."

అబ్బాయిరాజు గట్టిగా నవ్వాడు. "మొదటిది కదండీ! మాకూ అంతే. మా పెద్దపిల్ల తుమ్మిందని వైద్యుడి కోసం జట్కా కట్టించాను. ఆవలించిందని ఇంకో జట్కా. రెండోసారికి తెలుస్తుందండీ బాషాగారూ. పిల్లలు ఏడుస్తారు, పడుకుంటారు, పెరుగుతారు. మనం కంగారు పడకుండా కూర్చుంటే చాలు."

"మీవాడు ఎవరి పోలికండీ?"

"తెలీదండి. ఇంకా చూడలేదు."

లాల్ బాషా అతనివైపు భక్తిగా చూశాడు. ఇంత నిబ్బరం మనుషులకు సాధ్యమేనని అతను ఎన్నడూ అనుకోలేదు.

భీమడోలులో కొల్లేటి చేపల గంపలతో ఆడవాళ్ళు పదిమంది ఆడవాళ్ళ పెట్టెలోకి తోసుకుని ఎక్కారు. లాల్ బాషా మళ్ళీ దిగి పరుగెత్తాడు. ఈసారి అతను వెనక్కి వచ్చేసరికి బండి కదిలిపోయింది. తలుపు పట్టుకుని వేలాడుతూ లోపల పడ్డాడు.

"రాజుగారూ! మీ అమ్మగారూ, మీ ఆవిడగారూ ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయారండి!"

"ఏమిటీ?"

"నేను వెనకనుంచి చూశానండి. కోడలుగారు ముందూ, అత్తగారు వెనకా, కుళాయివైపు వెళ్ళిపోతున్నారండి. ఇంతలో బండి కదిలిపోయిందండి!"

"బిడ్డ?"

"మా ఖదీజాని కిటికీలోంచి అడిగానండి. మీవాడు పొత్తిళ్ళలో బల్లమీదే ఉన్నాడండి. మీ అమ్మగారు పడుకోబెట్టి, చూస్తూ ఉండమనీ, చెయ్యి మాత్రం వెయ్యొద్దనీ చెప్పి దిగారటండి."

అబ్బాయిరాజు గొలుసు లాగడానికి లేచాడు. గొలుసు ఉండవలసిన చోట మేకు ఒకటి ఉంది. దానికి ఎవరో సంచీ తగిలించారు.

బండి వేగం అందుకుంది. బిడ్డ తల్లి భీమడోలులో ఉండిపోయింది. పాలు తాగే బిడ్డ ఇంజను పక్క పెట్టెలో ఉన్నాడు. ఈ రైలు మొత్తంలో వాడికి దిక్కు తండ్రి ఒక్కడే. వాడి ముఖం చూడకూడనివాడూ ఆ ఒక్కడే.

"చంటిబిడ్డండీ. పాలకోసం ఏడుస్తాడండీ," అన్నాడు లాల్ బాషా, తానే ఏడవబోతూ.

"ఏడవనీండి," అన్నాడు అబ్బాయిరాజు. కానీ ఈసారి కూర్చోలేదు. పూళ్ళ వచ్చేదాకా తలుపు దగ్గరే నిలబడి పళ్ళు కొరికాడు. పూళ్ళలో దిగాలి. బిడ్డను తీసుకోవాలి. దొరికిన బండి పట్టుకుని భీమడోలు పరుగెత్తి తల్లి ఒడిలో పడెయ్యాలి. శాంతి సంగతి తరవాత.

పూళ్ళలో బండి పూర్తిగా ఆగకముందే దూకాడు. తలమీది తువ్వాలు తీసి కళ్ళకు గట్టిగా కట్టుకున్నాడు. లాల్ బాషా భుజం పట్టుకుని ముందుకు నడిపించి, ఆడవాళ్ళ పెట్టె మెట్టుమీద అతని కాలు పెట్టించి తాను బయటే ఆగిపోయాడు.

కళ్ళకు గంతలతో పెట్టెలోకి వచ్చిన మగవాణ్ణి చూసి లోపల కేకలు లేచాయి.

"ఎవడ్రా నువ్వు?" అంది చేపలమ్మే సుబ్బాయమ్మ. "పట్టపగలు ఆడాళ్ళ పెట్టెలో నీకేం పనిరా?"

"నా బిడ్డండీ! నా బిడ్డకోసమండీ!"

"కుడిపక్కకండి రాజుగారూ! ఇంకొంచెం!" బయటనుంచి లాల్ బాషా కేక.

అబ్బాయిరాజు వంగి రెండు చేతులూ ముందుకు చాచాడు. చేతికి ఏదో తగిలింది. గిలగిలా కొట్టుకుంది. అతని ప్రాణం లేచివచ్చింది. "దొరికాడు!" అని అరిచాడు.

"అది కొర్రమీను నాయనా, వదులు!" అంది సుబ్బాయమ్మ.

"అన్నగారూ, ఇటండి. కిటికీ పక్కనండి," అంది ఖదీజా. ఒళ్ళో తన బిడ్డను పెట్టుకుని, వెంకటనరసమ్మ చెప్పిన మాట ప్రకారం చెయ్యి వెయ్యకుండా, కళ్ళు ఆర్పకుండా ఆ పొత్తిళ్ళనే చూస్తూ కూర్చుంది పాపం.

అబ్బాయిరాజు పొత్తిళ్ళను రెండు చేతులా ఎత్తుకున్నాడు. బరువుగా ఉన్నాడు. అడుగున తడిగా తగిలింది. రెండోసారి తండ్రి అయినవాడు. ఆ తడి ఏమిటో అతనికి ఒకరు చెప్పనక్కరలేదు. గుండెకు హత్తుకుని, తడుముకుంటూ దిగాడు. గార్డు ఈల వేశాడు. లాల్ బాషా తన పెట్టెవైపు పరుగెత్తాడు. బండి వెళ్ళిపోయింది.

కళ్ళకున్న తువ్వాలు విప్పి, ఆకాశంవైపు చూస్తూ, దానితో బిడ్డను నిలువునా కప్పేశాడు. తరవాతే రోడ్డుమీదికి చూశాడు. వరిగడ్డి దించేసి భీమడోలువైపు తిరిగిపోతున్న ఎడ్లబండి కనబడింది. తోలేవాడు అబ్బులు.

"తొందరగా పోనీ అబ్బులూ! పిల్లవాడి తల్లి అక్కడుంది."

"ఎక్కండి బాబూ. ఎడ్లు రెండూ కుర్రయ్యేనండి, ఆయ్."

బండి కొంతదూరం పరుగెత్తింది. అబ్బాయిరాజు బిడ్డను ఒళ్ళో ఊపుతూ, జో కొడుతూ, మధ్యమధ్య నాలికతో చప్పుడు చేస్తూ కూర్చున్నాడు.

"పిల్లోడు ఏడవట్లేదేటండి?" అన్నాడు అబ్బులు.

"రెండోవాళ్ళు అంతేనోయ్. బుద్ధిమంతులు."

"బండి ఇంత ఎగిరిపడతన్నా కిక్కురుమనలేదండి."

అబ్బాయిరాజు జో కొట్టడం ఆపాడు. నిజమే. పూళ్ళ నుంచి ఇంతవరకూ చిన్న మూలుగైనా లేదు. గుడ్డ కింద కాలు కదలలేదు, చెయ్యి కదలలేదు. తువ్వాలు మీదనుంచి అరచేయి ఆనించాడు. చల్లగా ఉంది. చెవి దగ్గర పెట్టి విన్నాడు. ఎడ్ల గంటలు తప్ప ఏమీ వినబడలేదు.

"బండి ఆపు," అన్నాడు. "అబ్బులూ, ఒక్కసారి ఈ గుడ్డ తీసి చూడు. నేను చూడకూడదు. మూలా నక్షత్రంలో పుట్టాడు. చూస్తే తండ్రికి ప్రాణగండం."

అబ్బులు బండిమీదనుంచి కిందికి దూకేశాడు. "బాబ్బాబూ, నన్నొగ్గెయ్యండి! నాకూ పెళ్ళాం పిల్లలున్నారండి!"

"నీకేం కాదోయ్! తండ్రికే!"

"ఆ సంగతి నచ్చత్రానికి తెలియాలి కదండీ!"

రోడ్డుమీద మరెవరూ లేరు. రెండుపక్కలా కోసేసిన చేలు. ఇంతసేపూ ముఖం చూడకుండా పదిలంగా దాచుకున్న ఆయుష్షు అబ్బాయిరాజుకు ఉన్నట్టుండి ఎందుకూ కొరగానిదిగా కనిపించింది. వీడు లేకపోతే దాన్ని పెట్టుకుని ఏం చేసుకోవాలి? తువ్వాలు లాగేశాడు. కింద ముడి వేసిన పాతచీర గుడ్డ ఉంది. ముడి రాలేదు. పళ్ళతో లాగి విప్పాడు. కళ్ళు బాగా తెరిచి చూశాడు.

పసుపు రాసి, నడినొసట కుంకంబొట్టు పెట్టిన బూడిదగుమ్మడికాయ అతనివైపు ప్రశాంతంగా చూస్తోంది.

అబ్బులు మెల్లగా దగ్గరకొచ్చి తొంగిచూశాడు.

"మీ పోలికేనండి," అన్నాడు.

అబ్బాయిరాజు నవ్వబోయి ఆగిపోయాడు. ఒళ్ళో ఉన్నది గుమ్మడికాయ అయితే, బిడ్డ ఎక్కడ?

తరవాత ఎడ్లకు ఊపిరాడలేదు. భీమడోలు స్టేషను ముందు బండి ఆగకముందే అతను గుమ్మడికాయతో సహా స్టేషను మాస్టరు గదిలో పడ్డాడు.

"అబ్బాయిరాజు గారేనా?" అన్నాడు మాస్టరు, అతని చేతిలో ఉన్నదాన్ని చూసి. "గూడెం నుంచి ఇప్పుడే తంతి కొట్టారండి. మీ అమ్మగారూ, మీ ఆవిడగారూ, బాబూ అందరూ క్షేమంగా అక్కడ దిగారట. చేపల వాసన పడక ఇక్కడ పెట్టె మారి, కుళాయి దగ్గరున్న చివరి పెట్టెలో ఎక్కారట. శాంతికని గుడ్డలో చుట్టి తెచ్చిన గుమ్మడికాయ ఆ పెట్టెలో జనం తోపుకు మైలపడుతుందని, పాత పెట్టెలోనే ఎవరికో అప్పగించారట. ఎవరో బాషాగారు గూడెంలో వాళ్ళను చూసి జరిగిందంతా చెప్పారట."

"నా గురించి ఏమన్నారండీ?"

"గుమ్మడికాయ పగలకుండా చూసుకోమన్నారండి."

మోటారు బస్సు దొరికి అతను ఇల్లు చేరేసరికి ఎండ వాలుతోంది. మూలా నక్షత్రం దాటిపోయింది. అరుగుమీద పురోహితుడు నీరసంగా స్తంభానికి చేరగిలబడి ఉన్నాడు. వెంకటనరసమ్మ గడపలో నిలబడి ఉంది. కళ్ళు వాచి ఉన్నాయి. కొడుకు కనబడగానే లోపలికి తిరిగి, "పిల్లవాణ్ణి గదిలోకి తీసుకుపో, వాడొచ్చాడు!" అని కేకవేసి, చేతులు చాచి ముందుగా గుమ్మడికాయను అందుకుంది. అటూ ఇటూ తిప్పింది. ఆవిడ చూపు గుడ్డమీద ఆగిపోయింది.

"నేను వేసిన ముడి ఇది కాదు. ఎవరు విప్పారు?"

"నేనే."

"ఎందుకు విప్పావు?"

అబ్బాయిరాజు నేలచూపులు చూశాడు. "ఊపిరి తీయడం లేదనిపించిందమ్మా."

వెంకటనరసమ్మకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. అర్థమయ్యాక ద్వారబంధం పట్టుకుంది. ఒక్కగానొక్క కొడుకు నడిరోడ్డుమీద, తెలిసి తెలిసి, చావడానికి సిద్ధపడి ముడి విప్పాడు.

గదిలోంచి సీతారత్నం వచ్చింది. అత్తగారిని దాటుకుని, పురోహితుణ్ణి దాటుకుని తిన్నగా భర్త ముందు నిలబడింది. చేతుల్లో బిడ్డ ఉన్నాడు. ముఖంమీద గుడ్డ లేదు.

"చూడండి," అంది. "తీస్తున్నాడు."

"అమ్మాయ్!" అని అరిచింది వెంకటనరసమ్మ.

అబ్బాయిరాజు కళ్ళు మూసుకోలేదు. చూశాడు. ఎర్రటి ముఖం, బుగ్గన కాటుక చుక్క, చప్పరించుకుంటున్న పెదవులు. పిల్లవాడు ఒక కన్ను తెరిచి తండ్రిని చూసి, నచ్చనట్టు మూసేశాడు.

"ఇంక ఏం దారి పంతులుగారూ!" అంటూ అరుగుమీద కూలబడింది వెంకటనరసమ్మ.

పురోహితుడు లేచి కూర్చున్నాడు. "రాజుగారూ, గుడ్డ విప్పేటప్పుడు అది గుమ్మడికాయని మీకు తెలుసా?"

"తెలీదండి."

"బిడ్డేననుకున్నారా?"

"ఆఁ."

"ప్రాణం పోయినా సరేననుకున్నారా?"

అబ్బాయిరాజు తల్లివైపు చూడకుండా, "అనుకున్నానండి," అన్నాడు.

"అయితే తండ్రి తొలిచూపు దానిమీద పడింది. గండం దానికి పోయింది. గుమ్మంలో దాన్ని కొట్టేస్తే సరిపోతుంది."

వెంకటనరసమ్మ అనుమానంగా చూసింది. "ఇలాగని శాస్త్రంలో ఉందాండీ?"

"పొద్దుటినుంచి పచ్చిమంచినీళ్ళు ముట్టని వాణ్ణమ్మా. ఇప్పుడు నేనేది చెబితే అది శాస్త్రం. విస్తళ్ళు వెయ్యమనండి."

ఆవిడ కన్నీళ్ళు తుడుచుకుని లేచింది. గుమ్మడికాయను కొడుకు చుట్టూ మూడుసార్లు తిప్పి, గుమ్మం ముందు రాతిమీద బలంగా వేసి కొట్టింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు.

అబ్బాయిరాజు ఒక్కడే ముఖం పక్కకు తిప్పుకున్నాడు. అంతదూరం ఒళ్ళో పెట్టుకుని జో కొట్టినవాడికి అది చూడటం కష్టమే.