అధ్యక్షులవారి కుర్చీ ఎటుంది?

ఒక పెద్ద అడవిలో నీళ్లకంటే సంఘాలు ఎక్కువ. వాటిలో స్క్వాష్ సంఘానికి ఎలుగుబంటి భద్రయ్య అధ్యక్షుడు. ఆయన జన్మలో రాకెట్ పట్టి ఎరగడు. కొండగోడకేసి బంతి కొట్టాలి, తిరిగొచ్చినదాన్ని అవతలివాడు కొట్టాలి, ఆట అంతే.

ఆ ఏడు ఎండలు ముదిరాయి. సరిహద్దులోని మడుగు ఎవరిదన్న తగువు పక్క అడవితో మొదలైంది. స్క్వాష్ ఆడి తేల్చుకుందామన్నారు. గెలిచినవాళ్లదే మడుగు.

కార్యదర్శి ముంగిస ముకుందానికి మడుగు దిగులు లేదు, పదవి దిగులే. "మా మేనల్లుణ్ణి ఆడించవయ్యా" అన్నాడు భద్రయ్య. ఆ మేనల్లుడు గున్నబ్బాయికి కుడివైపు వచ్చిన బంతిని కొట్టడం తప్ప ఇంకేమీ రాదు. కొండముచ్చు నీలవేణికేమో రెండువైపులా వచ్చు.

ఎంపిక రోజున ముకుందం అధ్యక్షుడి కుర్చీని కుడిపక్క వేయించాడు. నీలవేణి ఎడమకు తిరిగి బ్యాక్‌హ్యాండ్ కొట్టగానే ఈల వేశాడు.

"అధ్యక్షులవారికే వీపు చూపిస్తావా? ఎంత పొగరు! పో బయటికి!"

"ఎడమ బంతికి ఎడమకే తిరగాలి కదండీ," అంది నీలవేణి. "అదీ బంతి కుడికాలు దాటకముందే కొట్టాలి. ఆలస్యమైతే దెబ్బలో పసే ఉండదు."

"ముందు మర్యాద, తర్వాతే బంతి!" అన్నాడు ముకుందం. ఆ మాట తనకే తెగ నచ్చింది.

ఆట రోజు వచ్చింది. పక్క అడవి తరఫున ఆడుతున్న ముసలి కుందేలు చిటికెలో సంగతి పసిగట్టింది. ఇక బంతులన్నీ ఎడమకే. గున్నబ్బాయి ఒక్కదానికీ తిరగలేదు.

"తిరగరా నాయనా!" అని అరిచాడు ముకుందం.

"మావయ్యకి వీపు చూపించమంటారా? రూలు పెట్టింది మీరే కదండీ!"

ముకుందం ఉరుకులు పరుగుల మీద కుర్చీని ఎడమపక్కకి లాగించాడు. కుందేలు బంతిని కుడికి పంపింది. ఇప్పుడు అటు తిరిగితే వీపు! పాపం, వచ్చిన ఆ ఒక్క దెబ్బా పోయింది.

చివరికి ముకుందానికి ఉపాయం తట్టింది. కుర్చీని గోడకే ఆనించి వేయించాడు. "ఇక ఎటు కొట్టినా వారి ముఖం చూస్తూ కొట్టొచ్చు!"

గున్నబ్బాయి వినయంగా మావయ్య ముఖమే చూస్తూ, ఆ రోజు మొదటిసారి సరైన అదనులో బలంగా కొట్టాడు. బంతి మావయ్య ముక్కుకి తగిలింది. గోడను తాకని బంతి ఓడినట్టే. ఆటా పోయింది, మడుగూ పోయింది.

సంఘం అత్యవసరంగా సమావేశమై, తప్పంతా గోడదేనని తీర్మానించింది. ముకుందం పదవి చెక్కుచెదరలేదు.

మర్నాటినుంచి అందరూ రెండు కొండలు దాటి నీళ్లు తెచ్చుకోవాల్సి వచ్చింది. నీలవేణి కుండతో చకచకా సాగిపోతోంది. ముకుందానికి మాత్రం ఏడుపొక్కటే తక్కువ. ముక్కుకి పసరు కట్టుకున్న భద్రయ్య తన వెనకే వస్తున్నాడు. వీపు చూపించకూడదు కదా! నెత్తిన కుండతో కొండ దారంతా వెనక్కి వెనక్కి నడిచాడు.

నీతి: బంతి ఎటొచ్చినా, కుర్చీ ఎటుందో చూసి కొట్టేవాడి పదవికి ఢోకా లేదు, దాహం సంగతంటారా, అది వేరే సంఘం చూసుకుంటుంది.