రద్వాకు అరవై మూడు శాతం

భర్త షౌకీ మీద ఇన్షిరాహ్‌కు ఉన్న ఫిర్యాదు ఒక్కటే: మనిషి రిటైరయ్యాడు గానీ ఆయన నోరు ఇంకా డ్యూటీలోనే ఉంది. ఉద్యోగమున్నన్నాళ్లూ అలెగ్జాండ్రియా వాతావరణ కేంద్రంలో కూర్చుని, రేపు వాన పడే అవకాశం ఇంత శాతం అని ఊరంతటికీ చెప్పాడు. ఊరు ఏనాడూ ఆయన మాట నమ్మి గొడుగు పట్టుకెళ్లలేదు, ఆయనా నొచ్చుకోలేదు. రిటైరయ్యాక లెక్కగట్టడానికి ఆకాశం లేకపోయింది. ఇంట్లో కూతురు ఉంది. దాంతో ప్రతి ఉదయం ఉడికించిన చిక్కుడు గింజల్లో రొట్టె ముంచుకుంటూ, ఫ్రాన్సులోని ఆ పెద్ద బిజినెస్ స్కూల్లో రద్వాకు సీటు వచ్చే అవకాశం ఆ రోజుకి ఎంతో ప్రకటించడం మొదలుపెట్టాడు.

రద్వా పరీక్ష రాసింది, వ్యాసాలు పంపింది, ఇంటర్వ్యూకి పిలుపు కూడా వచ్చింది. ఆ స్కూల్లో చదువుకుని ఊళ్లో స్థిరపడిన పాత విద్యార్థి ఒకాయన గురువారం సాయంత్రం ఆమెతో మాట్లాడి, మనిషి ఎలాంటిదో రాసి పంపుతాడు. ఆయన రాసేదాని మీదే చాలావరకు ఆధారపడి ఉంది. ఇంతకన్నా మంచి స్కూలు లేదని రద్వా, రెండో ఏడు కూడా ఇదే కంగారు పడే ఓపిక తనకు లేదని ఇన్షిరాహ్, ఎవరికి వారు అనుకుంటున్నారు. ఆ సోమవారం పొద్దున ఇన్షిరాహ్ పెట్టుకున్న పని చాలా చిన్నది. ద్రాక్షాకుల్లో బియ్యం చుట్టి వండాలి. గురువారం దాకా నోరు మూసుకోవాలి.

షౌకీ టీ గ్లాసుతో బాల్కనీలోకి వెళ్లి గొంతు సవరించుకున్నాడు. "అరవై మూడు!"

"నెమ్మదిగా!" ఇన్షిరాహ్ ఆకులు వదిలేసి పరుగెత్తింది. "నిన్న యాభై ఎనిమిదేగా?"

"నిన్న ఒక సంగతి కలపడం మర్చిపోయాను. మన పిల్ల ఇండియా ఇంజనీరు కాదు."

"కాకపోతే?"

"ఆ దేశంలో ప్రతి ఇంజనీరూ ఇదే పరీక్ష రాసి, ఇవే మార్కులు తెచ్చుకుని, ఇదే గుమ్మం ముందు నిలబడతాడట. వాళ్లలో వాళ్లకే తొక్కిసలాట. మనమ్మాయి చూడు, ఈజిప్టు నుంచి, అందులోనూ ఆడపిల్ల, అందులోనూ ఓడరేవులో లారీలకి దారి చూపించే పని. ఇలాంటివాళ్లు ఎంతమంది దొరుకుతారు? అయిదు కలిపాను."

"కలిపినవాడివి మాషాఅల్లా అనొచ్చుగా! దిష్టి తగలదూ?"

"లెక్కకి దిష్టేమిటి ఇన్షిరాహ్?"

పక్క బాల్కనీలో తడి దుప్పటి వెనకనుంచి ఒక తల బయటికొచ్చింది. అది హాగ్గా బహీగా తల. హజ్ యాత్ర చేసొచ్చిన పెద్దావిడ, భవనం మొత్తానికి తలలో నాలుక. గురువారం ఇంటర్వ్యూ సంగతి ఆవిడకి అప్పటికే తెలుసు. "ఏమిటా అరవై మూడు, ఉస్తాజ్ షౌకీ?"

బహీగా చెడ్డ మనిషి కాదు. ఇబ్బందంతా అక్కడే. చెడ్డవాళ్ల చూపైతే ముందే కనిపెట్టి తలుపేసుకోవచ్చు. మంచివాళ్లు మనస్ఫూర్తిగా "అబ్బ, ఎంత బాగుందో" అంటారు, మర్నాటికి పిల్లకి జ్వరం. ఇన్షిరాహ్ భర్త పాదం మీద తన పాదం మోపింది.

"ఏముంది హాగ్గా, రద్వాకి సీటు రాకుండా పోయే శాతం."

"అయ్యో! మరి మిగతా ముప్పై ఏడు?"

"అవి ఈయన తండ్రి కాబట్టి కలిపినవి."

షౌకీ ఏదో అనబోయాడు. పాదం మరికాస్త బరువెక్కింది.

"పిల్ల తెలివైందనుకున్నానే!" అంది బహీగా.

"ఎక్కడి తెలివి! లెక్కలు బొత్తిగా రావు. పరీక్ష రాసొచ్చి ఏడ్చి ఏడ్చి పడుకుంది." పడుకోవడం నిజమే. ఏడుపు ఇన్షిరాహ్ చేర్చింది.

మధ్యాహ్నానికల్లా బహీగా పాలల్లో వండిన తీపి అన్నంతో తలుపు తట్టింది. పైన దాల్చినచెక్క పొడి, ముఖంలో చావింటికి వచ్చినంత జాలి.

"దిగులు పడకు హబీబ్తీ. మా తమ్ముడు మమ్దూహ్‌తో మాట్లాడాను. కస్టమ్స్‌లో ఉన్నాడుగా, వాడికి తెలియని మనిషి లేడు. పిల్లతో మాట్లాడే ఆ పెద్దమనిషి ఎవరో కనుక్కుని, ఒక మాట వేయిస్తానన్నాడు."

ఊళ్లో గ్యాసు కనెక్షన్ దగ్గర్నుంచి ఆసుపత్రిలో మంచం దాకా ఎవరో ఒకరు మాట వేస్తేనే కదులుతాయి. అందుకని ఇందులో బహీగా తప్పేమీ లేదు. వద్దని చెప్పాలి. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. పిల్లకి ఎవరి మాటా అక్కర్లేదు, అది సొంతంగానే గెలుస్తుంది అనాలి. ఆ మాట పక్కింటి మనిషి ముందు, గురువారానికి ఇంత దగ్గర్లో! ఇన్షిరాహ్ గిన్నె అందుకుంది.

"నీ మేలు మర్చిపోలేను హాగ్గా."

సాయంత్రం ఈ సంగతి విని షౌకీ టీ గ్లాసు కింద పెట్టేశాడు. "సిఫార్సా! ఆ స్కూళ్లవాళ్లకి అలాంటిది వాసనొస్తే చాలు, తలుపు మూసేస్తారు. నలభై ఒకటి!"

"నువ్వు బాల్కనీలో అరవకపోయుంటే ఇదంతా ఉండేదా?"

"నువ్వు నిజం చెప్పుంటే ఉండేదా?"

ఇద్దరి మాటలోనూ పాయింటు ఉండటంతో ఆ సంభాషణ అక్కడితో ఆగిపోయింది. రద్వాకు మాత్రం ఏమీ చెప్పకూడదని మొగుడూపెళ్లాలు ఒప్పందానికొచ్చారు. ఈ వ్యవహారం మొత్తంలో వాళ్లిద్దరికీ కుదిరిన ఏకాభిప్రాయం అదొక్కటే.

మంగళవారం ఫోన్లు మొదలయ్యాయి. మమ్దూహ్ ఆ పెద్దమనిషిని వెతికే క్రమంలో ఊళ్లో సగం మందిని అడిగినట్టున్నాడు. షౌకీ పెద్దమ్మ కూతురు, ఇన్షిరాహ్ చిన్ననాటి స్నేహితురాలు, రద్వా పాత టీచరు, ఒకరి తర్వాత ఒకరు పలకరించారు. అందరికీ ఇన్షిరాహ్ ఒకే సమాధానం చెప్పింది. అయితే వంట చేసే చేయి ఏదీ ఊరుకోదు కదా, ప్రతిసారీ ఒక చిటికెడు ఏదో కలుపుతూ వచ్చింది. బుధవారం మధ్యాహ్నానికి ఆ కథ బాగా ఉడికి, ఘుమఘుమలాడుతోంది. అప్పుడు మళ్లీ ఫోన్ మోగింది.

"రద్వా గారి ఇల్లేనా మేడమ్? నా పేరు రిఫాత్. ఆమె చదువు విషయంలో నాకొక మాట చెవిన పడింది. నిజమో కాదో కనుక్కుందామని చేశాను."

ఇంకొకడు, అనుకుంది ఇన్షిరాహ్. గొంతు వింటే మర్యాదస్తుడిలా ఉన్నాడు. మర్యాదస్తుల కన్ను మరీ ప్రమాదం.

"ఏం చెప్పమంటారు ఉస్తాజ్! రొట్టెల కొట్లో చిల్లర లెక్కపెట్టమంటే దిక్కులు చూస్తుంది. ఓడరేవులో ఉద్యోగమంటే ఉద్యోగం, టీలు అందించడం కన్నా ఒక మెట్టు ఎక్కువ. మేం వద్దంటూనే ఉన్నాం, వింటేనా? ఆ స్కూలువాళ్లు కూడా ఇంకెవరో అనుకుని పొరపాటున పిలిచినట్టున్నారు."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది.

"పొరపాటున కాదు మేడమ్. పిలిచింది నేనే. రేపు ఆమెతో మాట్లాడాల్సింది నేను. చోటు కూడా మార్చాల్సి వచ్చింది, ఆమె సెల్ కలవడం లేదు. దరఖాస్తులో ఇంటి నంబరు కూడా ఉంటే…"

"మీరా! అయ్యో, మీరా! చిల్లర సంగతి… అంటే, అది లెక్కపెట్టదు, ఎందుకంటే… చూడగానే తెలిసిపోతుంది దానికి! చాలా… చాలా మంచి పిల్ల. ఓడరేవు మొత్తం అదే నడుపుతుంది."

"ఓడరేవు మొత్తమా?"

"సగం."

"నిన్న కస్టమ్స్ నుంచి మమ్దూహ్ అని ఒకాయన చేశారు. అమ్మాయికి లెక్కలు రావు, కాస్త జాలి చూపించమన్నారు. ఎవరో గిట్టనివాళ్లు చేయిస్తున్నారేమోనని నాకు అనుమానమొచ్చింది."

"గిట్టనివాళ్లు కాదండీ," అంది ఇన్షిరాహ్ నీరసంగా. "అందరూ కావలసినవాళ్లే."

ఫోన్ పెట్టేసి తిరిగేసరికి గుమ్మంలో రద్వా ఉంది. ఒక చెప్పు కాలికి, ఒక చెప్పు చేతిలో. రేపటికి తయారవుదామని ఆఫీసు నుంచి పెందలాడే వచ్చింది. ఎంత విన్నదో అడగాల్సిన పని లేకపోయింది.

"చోటు ఎక్కడికి మార్చారట?" అంది రద్వా.

ఇన్షిరాహ్ ఆ సంగతి అడగనే లేదు.

రద్వా గదిలోకి వెళ్లి ఆయనకి తనే ఫోన్ చేసుకుంది. షౌకీ వంటింట్లోకి తొంగిచూశాడు. "తొమ్మిది," అన్నాడు గొంతు తగ్గించి.

"ఇంకొక్క అంకె అన్నావంటే ఈ కుండ నీ నెత్తిన బోర్లిస్తాను."

గురువారం రద్వా తిరిగొచ్చేసరికి ఇద్దరూ చెరో కుర్చీలో, టీవీ ఆన్ చేయకుండా టీవీ వైపు చూస్తూ కూర్చున్నారు. ఆమె బ్యాగు పక్కన పడేసి, ద్రాక్షాకుల చుట్ట ఒకటి నోట్లో వేసుకుంది.

"కూర్చోగానే ఏమన్నాడో తెలుసా? 'మీ గురించి ఇప్పటికే రకరకాలుగా విన్నాను. మీ అవకాశాలు ఎంతో మీరే చెప్పండి' అన్నాడు."

"నువ్వేమన్నావు?" షౌకీ కుర్చీ అంచుకి జరిగాడు.

"నా పని సంగతి చెప్పాను. లారీ ఎప్పుడొస్తుందని డ్రైవర్ని అడిగితే, పక్కన ఓనరుంటే ఒక టైము చెప్తాడు, పెళ్లాముంటే ఇంకోటి, ఎవరూ లేకపోతే మరోటి. కొత్తలో వాళ్లు చెప్పిన టైమే నమ్మి రోజూ తిట్లు తినేదాన్ని. తర్వాత, పక్కన ఎవరున్నారో ముందు కనుక్కోవడం నేర్చుకున్నా. 'మా నాన్న చెప్పే శాతం ఆయన తనకి తాను చెప్పుకునేది. మా అమ్మ మీకు మొదట చెప్పింది పక్కింటివాళ్ల కోసం, తర్వాత చెప్పింది మీ కోసం. వీటిలో నా గురించిన సమాచారం తక్కువే, వాళ్ల భయం గురించి ఎక్కువ. నన్నడిగితే, నాకు తెలీదు. తెలిసినట్టు చెప్పే డ్రైవర్ని నేను నమ్మను' అన్నాను."

"నవ్వాడా?"

"నవ్వాడు. ఆయన సీటొచ్చి ఫ్రాన్సు వెళ్తుంటే వాళ్లమ్మ దిష్టికి భయపడి, వడ్రంగం పనికి లిబియా పోతున్నాడని వీధంతా చెప్పిందట. ఇప్పటికీ అమ్మని చూడ్డానికి వెళ్తే ఎవరో ఒకరు తలుపు బాగుచేసి పెట్టమంటారట."

షౌకీ పకపకా నవ్వి, పెన్సిలు కోసం జేబు తడుముకున్నాడు. ఇన్షిరాహ్ కూడా నవ్వింది, మూడు రోజుల తర్వాత మొదటిసారి. రద్వా మాత్రం నవ్వలేదు.

"ఆయనకి నవ్వుతూనే చెప్పానమ్మా. దిష్టి కోసమే అన్నావని తెలుసు. కానీ ఒక సంగతి నాకు అర్థం కాలేదు. పనికిరానిదాన్నని చెప్పేటప్పుడు నీకు మాటలు వరదలా వచ్చాయి. మంచిదాన్నని చెప్పాల్సొచ్చినప్పుడే తడబడ్డావు. ఎందుకని?"

జవాబు కోసం ఆగకుండా స్నానానికి వెళ్లిపోయింది.

ఇన్షిరాహ్ ఖాళీ గిన్నె తీసుకెళ్లి కడగడం మొదలుపెట్టింది. కడిగిన గిన్నెనే మళ్లీ కడిగింది. ఆమెను వాళ్లమ్మ పెళ్లయ్యేదాకా 'వికారం' అనే పిలిచేది. "వికారం, ఇలా రా", "మా వికారానికి సంబంధం కుదిరింది". ఇంటికొచ్చిన చుట్టాలు అందమైన పిల్ల అనబోతే, ఆ మాట పూర్తి కాకముందే, "ఎక్కడి అందం, దాని ముక్కు చూడండి" అనేది. అదంతా దిష్టికే అని ఇన్షిరాహ్‌కు చిన్నప్పుడే అర్థమైంది. అయినా వాళ్లమ్మ పోయి ఇన్నేళ్లయినా, అద్దం ముందు నిలబడినప్పుడల్లా మొదట ముక్కే చూసుకుంటుంది. అమ్మ మోసం చేసింది దిష్టినేనా, లేక అందులో ఎంతోకొంత నిజముందా అన్నది ఆమెకు ఇప్పటికీ తెలియదు. అడిగి ఉండాల్సింది. అడిగితే అమ్మ మాత్రం నిజం చెప్పేదా? గది నలుమూలలా చూసి, ఎవరూ వినడం లేదని రూఢి చేసుకుని, అప్పుడు కూడా చెప్పేది కాదు.

శుక్రవారం పొద్దున ఆమె బట్టలు ఆరేస్తుంటే పక్క బాల్కనీలోంచి బహీగా పలకరించింది. లోపల రద్వా ఇస్త్రీ చేసుకుంటోంది. తలుపు తీసే ఉంది.

"ఎలా జరిగింది హబీబ్తీ? పాపం, పిల్ల బాగా ఏడ్చిందా?"

'ఏం జరుగుతుంది హాగ్గా, మన రాత' అన్న మాట అలవాటుగా నాలుక చివరికి వచ్చేసింది. ఫలితం రావడానికి ఇంకా నెల ఉంది. ఇప్పుడు పొగడటమంటే దిష్టిని పేరుపెట్టి పిలిచి పీట వేయడమే. లోపల ఇస్త్రీ పెట్టె చప్పుడు ఆగిపోయింది.

ఇన్షిరాహ్ చేతిలోని తడి చొక్కాని గట్టిగా పిండింది. అది అప్పటికే పిండిన చొక్కా.

"ఏడవలేదు హాగ్గా. బాగా చేసింది. లెక్కల్లో దాన్ని మించినవాళ్లు ఆ ఓడరేవులో లేరు. నేను చూసిన మనుషుల్లోకెల్లా తెలివైనది నా కూతురు." ఈసారి మాట తడబడలేదు. "నీకు చెప్పినవన్నీ అబద్ధాలు. అందరికీ చెప్పినవీ అబద్ధాలే. తప్పు నాది. దిష్టిదీ కాదు, షౌకీదీ కాదు. నేనే తప్పు చేశాను."

బహీగా జాలిగా చేయి చాచి, బాల్కనీ ఊచల మీదుగా ఆమె చేతిని మెల్లగా నిమిరింది. "సరే తల్లీ, సరే. నువ్వు చెప్పినట్టే. ముందు కాస్త ఏదైనా తిని పడుకో."

నెల తర్వాత రద్వాకు సీటు వచ్చిందని ఇన్షిరాహ్ గడపగడపకూ షర్బత్ పంచితే, భవనంలో అందరూ తాగారు గానీ ఒక్కరూ నమ్మలేదు.